ఏడాదిన్నర ఆదివారం

సెలవులంటే పిల్లలకు పండగే. కానీ 2020లో వచ్చిన సెలవులు వేరు. వాటికి ముగింపు తేదీ లేదు. ఆడుకోవడానికి పక్కింటి పిల్లల్లేరు. వెళ్లడానికి అమ్మమ్మగారి ఊరు లేదు. కరోనా కాలంలో పిల్లలు ఎంత చదువు నష్టపోయారో పెద్దలు లెక్కకట్టారు. పిల్లలు మనసులో రాసుకున్న లెక్క మాత్రం వేరే ఉంది...

2020 మార్చి 14. రెండో శనివారం.

మర్నాడు ఎలాగూ ఆదివారమే. సోమవారం పొద్దున్నే లెక్కల హోంవర్కు చూపించాలి. సగం మంది ఇంకా మొదలే పెట్టలేదు. సాయంత్రం టీవీలో వార్త... తెలంగాణలో బడులన్నిటికీ ఈ నెల 31 దాకా సెలవులు! హోంవర్కు గండం గడిచిందని పిల్లలు ఎగిరి గంతేశారు. ఆంధ్రప్రదేశ్ పిల్లలు ఇంకో నాలుగు రోజులు ఓపిక పట్టాల్సి వచ్చింది. అక్కడ 19 నుంచి బడులు మూతపడ్డాయి.

బెంచీ కింద అరలో మర్చిపోయిన నోటుబుక్కు, స్నేహితురాలికి ఇచ్చిన రంగు పెన్సిళ్ల డబ్బా, 'సోమవారం తెచ్చిస్తాగా' అని ఒట్టు పెట్టి తీసుకెళ్లిన బొమ్మల పుస్తకం... ఎక్కడివక్కడే ఉండిపోయాయి. తెలంగాణలో ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు ఆ 'సోమవారం' వచ్చింది 2021 సెప్టెంబరు 1న. క్యాలెండర్‌లో అది బుధవారం. మధ్యలో ఏడాదిన్నర!

ఆంధ్రలో పెద్ద తరగతులు 2020 నవంబరు 2న, చిన్న తరగతులు 2021 ఫిబ్రవరిలో తెరిచారు. రెండో దఫా కరోనా విరుచుకుపడ్డాక మళ్లీ మూసేశారు. ఆగస్టు 16న మళ్లీ తెరిచారు. దేశం మొత్తమ్మీద 15 లక్షల బడులు మూతపడ్డాయనీ, దాదాపు 24.7 కోట్ల మంది పిల్లలు ఇళ్లలో ఉండిపోయారనీ యునిసెఫ్ లెక్క.

పెద్దవాళ్లకు ఏడాదిన్నరంటే ఏడాదిన్నరే. ఆరేళ్ల పాపకు అది బతుకులో నాలుగో వంతు. ఆలోగా ముందు పళ్లు ఊడి కొత్తవి వచ్చాయి. యూనిఫాం గౌను మోకాళ్ల పైకి పోయింది. బూట్లలో కాళ్లు పట్టడం మానేశాయి. చూడటానికి మాత్రం ఆ మార్పుల్ని మెచ్చుకునేవాళ్లెవరూ రాలేదు.

పళ్లెం మోగించినా తిట్టలేదు!

మొదట్లో అంతా సరదాగానే ఉంది. మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. సాయంత్రం అయిదింటికి అందరూ గుమ్మాల్లోకి, బాల్కనీల్లోకి వచ్చి చప్పట్లు కొట్టాలన్నారు. అన్నం దగ్గర కంచం మీద గరిటెతో కొడితే 'దరిద్రం' అని తిట్టే బామ్మే ఆ రోజు కంచం చేతికిచ్చి గట్టిగా కొట్టమంది. పిల్లలకు అంతకన్నా ఏం కావాలి? చాలామంది అయిదు నిమిషాల తర్వాత కూడా ఆపలేదు.

మూడు రోజుల తర్వాత ఉగాది. సరిగ్గా ఆ రోజునే లాక్‌డౌన్ మొదలైంది. వేపపువ్వు కోసం వీధి చివరి చెట్టు దాకా వెళ్లాలన్నా పెద్దవాళ్లు అటూ ఇటూ చూసి వెళ్లొచ్చారు. కొత్త బట్టల్లేవు. శ్రీరామనవమికి పందిట్లో పానకం లేదు. భద్రాద్రి రాముడి కల్యాణం కూడా భక్తులు లేకుండానే జరిగింది. మార్చి 28 నుంచి దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ రామాయణం మళ్లీ వేశారు. 1987లో పిల్లలుగా దాన్ని చూసిన అమ్మానాన్నలు ఇప్పుడు పిల్లల పక్కన కూర్చుని చూశారు. హిందీ డైలాగులకు తాతయ్య తెలుగు వ్యాఖ్యానం! బాణాలు ఆకాశంలో నెమ్మదిగా వెళ్లి ఢీకొంటుంటే పిల్లలు పడీపడీ నవ్వారు. తాతయ్యకు కాస్త కోపం కూడా వచ్చింది.

కొన్ని ఇళ్లలో పిల్లలకు అవి నిజంగా మంచి రోజులు. పొద్దున తాము లేవకముందే వెళ్లి, నిద్రపోయాక వచ్చే నాన్న పగలంతా ఇంట్లోనే ఉన్నాడు. లుంగీ మీద ఫార్మల్ చొక్కా వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటే వింతగా చూశారు. అటక మీద నుంచి క్యారమ్ బోర్డు దిగింది. చింతపిక్కలు అరగదీసి అష్టాచెమ్మా ఆడారు. వామనగుంటలు ఎలా ఆడాలో మనవరాళ్లకు నేర్పుతూ బామ్మలు హుషారయ్యారు. 'కరోనా టైములో బాగుండేది' అని ఇప్పటికీ అనే పిల్లలున్నారు. ఆ మాటకు పెద్దవాళ్లు ఉలిక్కిపడతారుగానీ, వాళ్లు మెచ్చుకుంటున్నది రోగాన్ని కాదు, నాన్న ఇంట్లో ఉండటాన్ని.

అదే నాన్న ఇంట్లో ఉంటే గుబులుపడిన ఇళ్లూ ఉన్నాయి. రోజు కూలీ, ఆటో, ఇస్త్రీ బండి, టిఫిన్ బండి... నాన్న పనిలోకి వెళ్లలేదంటే సాయంత్రం కూరగాయలు రావు. ఈ సంగతి పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పాలప్యాకెట్ రావడం మానేస్తే ఏడేళ్ల పిల్లాడికీ అర్థమవుతుంది. మధ్యాహ్న భోజనం బడిలోనే తినే పిల్లలకు బడితోపాటు ఆ అన్నమూ ఆగింది. ఆంధ్రప్రదేశ్‌లో దాని బదులు బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇళ్లకు చేర్చారు. బడిలో అయితే గుడ్డు పిల్లవాడి కంచంలోనే పడుతుంది. ఇంటికొచ్చిన గుడ్లు ఇంటిల్లిపాదికీ!

ఇక నడిచివెళ్లిన పిల్లలు... హైదరాబాద్ చుట్టుపక్కల ఇళ్లు కట్టడానికి, ఇటుకలు కాల్చడానికి వచ్చిన ఒడిశా, బిహార్, ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ కుటుంబాల బిడ్డలు. నాగ్‌పూర్ వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఏప్రిల్ ఎండలో తల్లి కొంగు పట్టుకుని, తండ్రి భుజమెక్కి వాళ్లు సాగిపోయారు. దేశంలో మొట్టమొదటి శ్రామిక్ రైలు మే 1న కదిలింది మన లింగంపల్లి స్టేషన్ నుంచే, ఝార్ఖండ్‌లోని హటియాకు. అప్పటికే నడక మొదలుపెట్టినవాళ్లకు అది అందలేదు. 'ఎక్కడికెళ్తున్నాం' అని ఆ పిల్లలు అడిగితే పెద్దవాళ్ల దగ్గర ఒక్కటే జవాబు... ఇంటికి.

తలుపు అవతల అమ్మ

కరోనా రోజుల గురించి ఏ పిల్లాణ్ని కదిలించినా చాలా కథలు ఒక తలుపు దగ్గర ఆగుతాయి.

2021 ఏప్రిల్, మే నెలలు. రెండో దఫా ఉద్ధృతంగా ఉంది. అమ్మకు పాజిటివ్ వచ్చింది. లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. రెండు వారాలు బయటికి రాదు. ఇల్లు ఒక్కటే, వంటగది కనిపిస్తూనే ఉంది, అమ్మ దగ్గు వినిపిస్తూనే ఉంది. కానీ వెళ్లకూడదు! గుమ్మం ముందు స్టూలు మీద కంచం పెట్టి నాన్న దూరంగా జరుగుతాడు. తలుపు కొంచెం తెరుచుకుంటుంది. ఓ చెయ్యి కనిపిస్తుంది. మళ్లీ మూసుకుంటుంది. నాలుగేళ్ల పిల్లకి ఇదేం న్యాయమో అర్థం కాదు. తలుపు దగ్గరే చాప పరుచుకుని పడుకున్న పిల్లలున్నారు. పక్క గదిలో ఉన్న అమ్మతో వీడియో కాల్‌లో కథ చెప్పించుకుని నిద్రపోయిన పిల్లలున్నారు. గదులు లేని ఇళ్లలో చీరే తలుపయింది. చీర అవతల అమ్మ, ఇవతల పిల్లలు.

అమ్మ నర్సయితే, నాన్న పారిశుద్ధ్య కార్మికుడైతే ఈ తలుపు రెండు వారాలది కాదు, నెలల తరబడి. సాయంత్రం గేటు చప్పుడవగానే పరిగెత్తుకెళ్లి చుట్టేసుకోవడం పిల్లల అలవాటు. 'ఆగు, అక్కడే ఆగు' అని అమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టి అరవడం... స్నానం చేసి బట్టలు నానబెట్టి వచ్చి ఎంత ముద్దు చేసినా, ఆ చేతులు అడ్డం పెట్టిన క్షణాన్ని పిల్లలు మర్చిపోవడానికి చాలా కాలం పట్టింది.

చిన్నపిల్లలకు ఇంకో భయం. 'నా వల్లే వచ్చిందా?' చెప్పకుండా వీధిలోకి వెళ్లి ఆడుకొచ్చాను, చేతులు కడుక్కోలేదు, అందుకే తాతయ్యకు జ్వరం వచ్చింది... ఇలా తమలో తామే ముడిపెట్టుకుంటారు. బయటికి అనరు. జాగ్రత్త నేర్పడానికి పెద్దవాళ్లు అన్న మాటలే ఆ ముడికి దారం. 'నువ్వు బయట తిరిగితే తాతయ్యకు వస్తుంది' అని ఎన్ని ఇళ్లలో అనలేదు! చెప్పినవాళ్లకది జాగ్రత్త. విన్నవాళ్లకది నేరం.

ఆ తాతయ్య ఆసుపత్రికి వెళ్లి తిరిగి రాకపోతే?

మామూలు రోజుల్లో మన ఇళ్లలో చావు పిల్లల కళ్లముందే జరిగే సంగతి. నలుగురూ వస్తారు, ఏడుస్తారు, పిల్లలు కూడా ఓ మూల నిలబడి చూస్తారు. పదో రోజు, పన్నెండో రోజు భోజనాల్లో ఆ దుఃఖం కొంత తీరుతుంది. కరోనా చావుల్లో అదేమీ లేదు. అంబులెన్స్ ఎక్కిన మనిషి అంతే. చూపించడానికి శవం లేదు, ఓదార్చడానికి మనుషుల్లేరు. పిల్లలకు ఏం చెప్పాలో తెలియక 'తాతయ్య ఊరెళ్లాడు' అన్న ఇళ్లెన్నో. పిల్లలు నమ్మారా అంటే... అడగడం మానేశారు. దాన్నే పెద్దవాళ్లు మర్చిపోయారనుకున్నారు.

2020 మార్చి నుంచి 2021 ఏప్రిల్ దాకా, అంటే రెండో దఫా ఉద్ధృతి ఇంకా పూర్తికాకముందే, మనదేశంలో తల్లినో తండ్రినో, తమను పెంచుతున్న అవ్వాతాతలనో పోగొట్టుకున్న పిల్లలు లక్షా 19 వేల మంది ఉంటారని లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనాథలైన పిల్లల పేర రూ.10 లక్షలు డిపాజిట్ చేస్తామంది. కేంద్రం కూడా అలాంటి పథకమే తెచ్చింది. డబ్బు అవసరమే. పెంచుకున్న పిన్నో మేనమామో చేరదీసిన ఇళ్లలో అది పెద్ద ఆసరా. కానీ బడి తెరిచాక 'మీ నాన్నేం చేస్తారు' అని కొత్త టీచరు వరసగా అడుగుతూ తన దగ్గరికొచ్చేసరికి ఏం చెప్పాలన్నది ఆ పిల్ల ఒక్కతే తేల్చుకోవాల్సిన సంగతి.

పిల్లల్ని కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పిన పెద్దలు లేకపోలేదు. 2020 మార్చిలో నార్వే ప్రధాని ఎర్నా సోల్‌బర్గ్ ఓ విలేకరుల సమావేశం పెట్టారు. పెద్దల విలేకరులకు ప్రవేశం లేదు! ప్రశ్నలన్నీ పిల్లలవే. అంతకు ముందే డెన్మార్క్ ప్రధాని కూడా పిల్లలకు జవాబులిచ్చారు. భయపడటం తప్పు కాదని వాళ్లు పిల్లలతో చెప్పారు. ఊడిన పన్ను తలగడ కింద పెట్టుకుంటే రాత్రికి దేవత వచ్చి పట్టుకెళ్తుందని అక్కడి పిల్లల నమ్మకం. లాక్‌డౌన్‌లో ఆ దేవత బయటికి రావచ్చా? న్యూజిలాండ్ ప్రధాని జసిండా ఆర్డెర్న్ ఏప్రిల్ 6న పెద్దల విలేకరుల ముందే సమాధానం చెప్పారు... పళ్ల దేవత కూడా అత్యవసర సిబ్బందే కాబట్టి తిరగొచ్చు అని. నవ్వుకోవడానికి బాగుంది కానీ, ఆ రాత్రి పన్ను చేత్తో పట్టుకుని దిగులుగా కూర్చున్న పిల్లలకు అది దేశ ప్రధాని ఇచ్చిన మాట.

స్పెయిన్‌లో మాత్రం ఆరు వారాల పాటు 14 ఏళ్లలోపు పిల్లలు గడప దాటడానికి వీల్లేదు. కుక్కల్ని బయట తిప్పుకోవడానికి అనుమతి ఉంది, పిల్లలకు లేదు! ఏప్రిల్ 26న రోజుకో గంట వదిలేసరికి వీధులు పిల్లలతో నిండిపోయాయి.

అరచేతిలో బడి

'మేడమ్, మీరు వినిపించట్లేదు...' 'ఎవరిదా మిక్సీ సౌండు? మైకులు ఆఫ్ చేయండి!'

2020 ఎండాకాలం తర్వాత బడి ఫోనులోకి వచ్చింది. ఎనిమిదో తరగతి దాకా పిల్లలకు రోజుకు 30-45 నిమిషాల చొప్పున రెండు క్లాసులకు మించొద్దని కేంద్రం జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. చాలా ప్రైవేటు బడులు ఫీజుకు తగ్గట్టు టైంటేబుల్ వేశాయి. పొద్దున తొమ్మిదింటికి టై కట్టుకుని, కింద నిక్కరు మాత్రం రాత్రిదే వేసుకుని మంచం మీద కూర్చున్న పిల్లాడు మధ్యాహ్నం దాకా తెర చూస్తూనే ఉన్నాడు. పక్కనే అమ్మ. టీచరు అడిగితే అమ్మే గుసగుసగా జవాబు అందిస్తుంది. తప్పు చెబితే గిల్లుతుంది కూడా! బడిలో తప్పు చెప్పినా ఇంట్లో తెలిసేది కాదు. ఆ చిన్న స్వేచ్ఛ కూడా పోయింది.

కంటిచూపు దెబ్బతింటుందన్న భయం ఉత్తదేమీ కాదు. చైనాలోని షాన్‌డాంగ్ రాష్ట్రంలో లక్షా 23 వేల మంది బడిపిల్లల్ని పరీక్షిస్తే, ఆరేళ్ల వాళ్లలో దూరంచూపు మందగించినవాళ్లు 2020లో 21.5 శాతం తేలారు. అంతకు ముందు అయిదేళ్లలో ఏనాడూ అది 5.7 శాతం దాటలేదు.

ఇదంతా ఫోనున్న ఇళ్ల సంగతి. గ్రామాల్లో పిల్లల చదువుల్ని లెక్కగట్టే 'అసర్' సర్వే 2021లో ఆరా తీస్తే మూడింట రెండొంతుల పిల్లల ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. 2018లో ఇది మూడో వంతు పైచిలుకే. పాఠాల కోసం అప్పు చేసి కొన్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు. అయితే ఇంట్లో ఫోనున్న పిల్లల్లోనూ ప్రతి నలుగురిలో ఒకరి చేతికి అది అందలేదు. కారణం మామూలుదే. ఉన్నది ఒక్క ఫోను. అది నాన్న జేబులో పొలానికో పనికో వెళ్లిపోతుంది. సాయంత్రం వచ్చాక ముందు అన్నయ్యకు, ఎందుకంటే వాడు పదో తరగతి. ఆ తర్వాత మిగిలితే చెల్లికి. అప్పటికి ఛార్జింగూ ఉండదు, డేటా కూడా అయిపోతుంది. మన్యం గూడేల్లో పిల్లలు సిగ్నల్ వెతుక్కుంటూ గుట్టలెక్కారు.

సర్కారు బడి పిల్లల కోసం టీవీ పాఠాలు పెట్టారు. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి. ఆంధ్రలో సప్తగిరి. కష్టపడే చేశారు. కానీ టీవీలో మాస్టారికి పిల్లాడి మొహం కనపడదు. అర్థం కానివాణ్ని మొహం చూసే పసిగట్టడం ప్రతి మంచి మాస్టారి విద్య. అదిక్కడ పనికిరాలేదు.

ఇలాంటి ప్రయత్నం 83 ఏళ్ల ముందే ఓసారి జరిగింది. 1937 సెప్టెంబరులో అమెరికాలోని షికాగోలో పోలియో ప్రబలింది. బడులు తెరవలేకపోయారు. ఆరు రేడియో స్టేషన్లు పావుగంట చొప్పున పాఠాలు చదివాయి. ఏ తరగతికి ఎప్పుడు ఏ స్టేషనో పొద్దున్నే దినపత్రికలు అచ్చువేశాయి. రేడియో సరిగ్గా పలకని ఇళ్లు, పాఠం మరీ వేగంగా పోతోందన్న ఫిర్యాదులు అప్పుడూ ఉన్నాయి. కాకపోతే అది మూడు వారాల్లోపే ముగిసిపోయింది.

ఎన్‌సీఈఆర్‌టీ 2022లో 3.79 లక్షల మంది విద్యార్థులను పలకరించి నివేదిక తెచ్చింది. ఆన్‌లైన్‌లో పాఠం అర్థం చేసుకోవడం కష్టమైందని 51 శాతం చెప్పారు. నలుగురితో కలిసే వీలు లేకపోవడమే లోటన్నవాళ్లు 39 శాతం. నిజానికి ఈ రెండో అంకె మీదే ఎక్కువ చర్చ జరగాల్సింది. పాఠాలు టీచర్లు చెబుతారు. సగం చదువు మాత్రం పిల్లలు పిల్లల దగ్గరే నేర్చుకుంటారు. బూటు లేసు ముడి, ఈల, అబద్ధం చెప్పి దొరకకపోవడం, ఓడిపోతే ఏడవకుండా ఉండటం, కచ్చి కొట్టాక మళ్లీ మాట కలపడం... వీటికి సిలబస్ లేదు. మ్యూట్‌లో ఉన్నవాళ్లతో కచ్చి ఎలా కొడతారు?

కరోనా... అవుట్!

కష్టమొస్తే పెద్దవాళ్లు మాట్లాడుకుంటారు. పిల్లలు ఆడుకుంటారు. లాక్‌డౌన్ సడలించాక వీధుల్లోకి వచ్చిన పిల్లలు కొత్త ఆట తెచ్చారు. దొంగకు బదులు 'కరోనా'. వాడు ముట్టుకుంటే వీడూ కరోనా. ఫలానా అరుగెక్కితే శానిటైజర్ పూసుకున్నట్టు, అక్కడ అంటదు. ఇది మన వీధుల్లోనే కాదు, ఎన్నో దేశాల పిల్లలు ఎవరూ నేర్పకుండానే కనిపెట్టుకున్న ఆట. ఇంట్లో బొమ్మలకు నాన్న పాత రుమాలు చింపి మాస్కులు కట్టారు. ఎలుగుబంటికి థర్మామీటరు పెట్టారు. కుందేలుకు పాజిటివ్ వచ్చింది, దాన్ని మంచం కింద పెట్టేశారు. పద్నాలుగు రోజులని చెప్పి పావుగంటకే బయటికి తీసేశారు. పెద్దల్లో కొందరికి ఈ ఆటలు నచ్చలేదు. అపశకునమని కోప్పడ్డారు. తమ చేతిలో లేనిదాన్ని కాసేపు తమ చేతిలోకి తెచ్చుకోవడమే పిల్లలకు ఆట. పద్నాలుగు రోజుల్ని పావుగంట చేయడం ఆటలో తప్ప ఇంకెక్కడ కుదురుతుంది!

పరీక్ష రాయకుండానే పాస్

కాస్త పెద్ద పిల్లల కథ ఇంకోలా నడిచింది. తెలంగాణలో పదో తరగతి పరీక్షలు 2020 మార్చి 19న మొదలయ్యాయి. మూడు పేపర్లు రాశారో లేదో, మిగతావి వాయిదా పడ్డాయి. జూన్ 8న మొత్తం రద్దుచేసి 5.34 లక్షల మందికి పైగా విద్యార్థులను పాస్ చేశారు. ఆంధ్రలో అదే నెల 20న రద్దు ప్రకటించారు. అక్కడ ఆరు లక్షల పైచిలుకు పిల్లలు. ఇరుగుపొరుగు 'అదృష్టవంతులు' అన్నారు. రాత్రీపగలూ చదివిన పిల్ల, పుస్తకం ముట్టని పిల్లాడు ఒకే వరసలో నిలబడ్డారు. 'కరోనా బ్యాచ్' అన్న పేరు ఇద్దరికీ అతుక్కుంది.

ఆ బ్యాచ్‌కి అసలు పరీక్ష తర్వాత ఎదురైంది. తెలంగాణలో వాళ్లే ఇంటర్ మొదటి ఏడాది ఎక్కువభాగం ఫోన్లోనే చదివారు. పరీక్షల్లేకుండా రెండో ఏడాదిలోకి వచ్చేశాక, 2021 అక్టోబరులో 'మొదటి ఏడాది పరీక్షలు రాయండి' అన్నారు. డిసెంబరులో ఫలితాలొస్తే పాసైంది 49 శాతమే. అందరూ పాసైన పిల్లల్లో ఏడాదిన్నరకే సగం మంది ఫెయిల్! కొన్ని ఇళ్లలో ఆ ఫలితాలు ప్రాణాల మీదికి తెచ్చాయి. ఆందోళనలు జరిగాయి. చివరికి ప్రభుత్వం కనీస మార్కులిచ్చి అందరినీ పాస్ చేసింది. మొదటిసారి పాస్ చేసిందీ, మధ్యలో ఫెయిల్ చేసిందీ, మళ్లీ పాస్ చేసిందీ పెద్దలే. ఏ ఒక్కసారీ పిల్లల్ని అడగలేదు.

టాటా చెప్పని పాపలు

అందరికంటే చిన్నవాళ్ల సంగతి చాలా ఆలస్యంగా బయటపడింది. 2020 మార్చి-మే మధ్య ఐర్లండ్‌లో పుట్టిన మూడొందల మంది పాపాయిల్ని అక్కడి పరిశోధకులు ఏడాది నిండాక చూశారు. అంతకుముందు పుట్టిన పిల్లలతో పోలిస్తే వీళ్లలో ఓ ముద్దుమాట పలికినవాళ్లు తక్కువ. వేలు పెట్టి చూపించేవాళ్లు తక్కువ. చెయ్యి ఊపి టాటా చెప్పేవాళ్లు కూడా తక్కువే. ఎందుకంటే ఇంటికి ఎవరూ వస్తే కదా, వెళ్లేటప్పుడు టాటా చెప్పడానికి! పాకడం మాత్రం వీళ్లలో ఎక్కువమందికి వచ్చింది. ఇరవై నాలుగ్గంటలూ ఇంట్లో నేల మీదే కాబట్టి.

మన దగ్గరా ఆ రోజుల్లో పుట్టిన పిల్లలు ఇంటివాళ్లు కాక ఇంకో మొహం చూడకుండా పెరిగారు. బయటివాళ్లంటే కళ్లు మాత్రమే ఉన్న మనుషులు. బారసాలకు మేనత్త రాలేదు, వీడియోలో పేరు పిలిచింది. మాస్కు తీసి పలకరిస్తే గుక్కపట్టి ఏడ్చిన పిల్లల గురించి ప్రతి బంధువర్గంలోనూ ఓ కథ ఉంటుంది.

ఏడాది ఎదురుచూసి...

2021 సెప్టెంబరు 1. తెలంగాణలో రెండో తరగతి గదిలోకి ఏడేళ్ల పిల్లలు వచ్చారు. వాళ్లలో చాలామందికి అదే మొదటి బెంచీ. ఒకటో తరగతి ఇంట్లోనే అయిపోయింది. వరసలో నిలబడటం తెలీదు. మూత్రానికి వెళ్లాలంటే చెయ్యెత్తి అడగాలని తెలీదు. టీచరు పక్కపిల్లకి చెబుతుంటే, తనకేనేమోనని లేచి నిలబడేవారు. అమ్మ వేలు వదలడానికి ఒకటో తరగతి పిల్లలకన్నా ఎక్కువ ఏడ్చారు. పేరు రాయమంటే పలక వైపు కాకుండా వేలితో జరపడానికి తెర ఎక్కడుందా అన్నట్టు చూసినవాళ్లూ ఉన్నారు.

తర్వాతి సంవత్సరం అసర్ సర్వే పల్లె పిల్లల్ని మళ్లీ చదివించి చూసింది. మూడో తరగతిలో ఉండి రెండో తరగతి వాచకం చదవగలిగినవాళ్లు 2018లో ఆంధ్రలో 22.6 శాతం, తెలంగాణలో 18.1 శాతం. 2022లో ఆంధ్రలో 10.3, తెలంగాణలో 5.2. నూటికి అయిదుగురు! దేశమంతటా అదే వరస. అయితే 2024 సర్వేకల్లా దేశం మొత్తమ్మీద ఈ అంకె 20.5 నుంచి 27.1కి, అంటే దాదాపు కరోనా ముందున్న చోటికి చేరింది. పాఠాలు తిరిగొచ్చాయి. మాస్టార్ల కష్టం, పిల్లల చురుకుదనం రెండూ అందులో ఉన్నాయి.

ఆనాటి ఒకటో తరగతి పిల్లలు ఇప్పుడు హైస్కూలు మెట్లెక్కారు. ఆ రోజుల గురించి అడిగితే మార్కుల మాట ఒక్కరూ ఎత్తరు. తలుపు గురించి చెబుతారు. తాతయ్యను చూడనివ్వలేదంటారు. నాన్నతో ఆడిన క్యారమ్స్ గురించి చెబుతారు. అరువిచ్చిన రంగు పెన్సిళ్లు ఇంకా రాలేదని గుర్తుచేసుకుంటారు. ఆ స్నేహితురాలు ఆ మధ్యలోనే ఊరు మారిపోయింది.

బడులు తెరిచిన కొత్తలో ఎన్నో నియమాలుండేవి. గుమ్మంలో జ్వరం చూసేవారు. బెంచీకి ఒక్కరే. ఎవరి నీళ్లు వాళ్లవే, ఎవరి డబ్బా వాళ్లదే. భోజనాల వేళ వసారాలో దూరం దూరంగా సున్నంతో గీసిన గుండ్రాల్లో కూర్చోబెట్టేవారు. టీచర్లు అటూ ఇటూ తిరుగుతూ కాపలా కాసేవారు. టీచరు వెనక్కి తిరిగిందో లేదో, టిఫిన్ డబ్బా మూత ఒకటి నేలమీద జరుగుతూ జరుగుతూ పక్క గుండ్రంలోకి వెళ్లేది. దాన్లో ఓ ఆవకాయ ముక్క ఉండేది.